పీకడం ఉచితం, కాపాడటం ఖరీదు

"పీకేయుండ్రి మేడం." మా క్లినిక్‌లో నేను రోజూ వినే మాట ఇది. కుర్చీలో కూర్చోకముందే, దవడకు అదిమిపెట్టుకున్న చెయ్యి తీయకముందే ఈ మాట అంటారు. ఎక్స్‌రే తీసి, "ఈ పన్ను బతుకుతుంది, ఉంచుకుందాం" అని చెబితే తోడొచ్చిన మనిషి ముఖం చూస్తారు. జగిత్యాల జిల్లాలో పళ్ల డాక్టరుగా నా జీవితం చాలావరకు ఈ సంభాషణలోనే గడిచింది. అంతకుముందు కొంతకాలం సర్కారు దవాఖానలో కాంట్రాక్టు మీద పనిచేశాను. అక్కడా ఇదే మాట.

దీనికి మా వృత్తిలోనివాళ్లు చెప్పే కారణం ఎప్పుడూ ఒకటే: జనానికి అవగాహన లేదు. నేను ఒప్పుకోను. ఉన్న పన్ను పోగొట్టుకోవాలని ఎవరికీ ఉండదు. మక్క కంకి కొరకాలని, జొన్నరొట్టె నమలాలని అందరికీ ఉంటుంది. "పీకేయుండ్రి" అన్న మాట బయటికొచ్చేది మా కుర్చీ దగ్గరే గానీ, ఆ నిర్ణయం అంతకు చాలా ముందే జరిగిపోయి ఉంటుంది. రోజుకూలి, బస్సు టైము, మందుల దుకాణంలో కొన్న గోలీలు, దుబాయి వీసా, ఇంట్లో పెద్దల మాట, పక్కింటావిడ అనుభవం, ఇవన్నీ కలిసి తీర్పు చెప్పాక మనిషి నా దగ్గరికి వస్తాడు. వీటన్నిటి వెనకా పన్ను పీకడాన్ని ఉచితం చేసి, కాపాడటాన్ని ఖరీదు చేసిన ఏర్పాటు ఒకటుంది. నా కోపమంతా దాని మీదే.

పన్ను ఒక్కరోజులో పోదు. మొదట నమిలే పంటి మీది గాడిలో నల్లటి గీత పడుతుంది. అప్పుడు నొప్పేమీ ఉండదు. పుచ్చు పైనున్న గట్టి ఎనామెల్ పొరను దాటి లోపలికి దిగాక చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటుంది, నీళ్లు మింగగానే పోతుంది. ఈ దశలో వస్తే అరగంట పని. పుచ్చు తీసేసి సిమెంటు నింపితే సరి, మా ఊళ్లో ఏడెనిమిది వందలతో పోతుంది. కానీ జివ్వుమన్నంత మాత్రాన పని మానుకుని డాక్టరు దగ్గరికి ఎవరొస్తారు? ఆ పక్కన నమలడం మానేస్తారు, అంతే. ఇంకొన్నాళ్లకు నీళ్లు మింగేసినా పోటు నిమిషాల తరబడి నిలబడుతుంది, పడుకుంటే ఎక్కువవుతుంది. పంటి మధ్యలో నరమూ రక్తనాళాలూ ఉండే మెత్తటి గుజ్జు వాచిందన్నమాట. రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చుని, తెల్లారగానే మందుల దుకాణానికో, ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరికో పోతారు. ఒక నొప్పి గోలీ, దానితోపాటు ఐదు రోజుల యాంటీబయాటిక్. ఆ యాంటీబయాటిక్ పుచ్చును పూడ్చలేదు, వాచిన గుజ్జును బాగుచేయలేదు. కొన్నాళ్లకు నొప్పి దానంతటదే ఆగిపోతుంది. లోపలి నరం చచ్చిపోయింది గనక ఆగిపోతుంది. మనిషి మాత్రం గోలీ పనిచేసిందనుకుంటాడు. ఏ వైద్యుడు చెప్పినా పోని నమ్మకం అక్కడ ఏర్పడుతుంది: పంటి నొప్పి వస్తుంది, గోలీ వేస్తే పోతుంది. నెలలు గడిచి, వేరు చివర చీముపట్టి, దవడ ఉబ్బి, అన్నం మెతుకు తగిలినా తట్టుకోలేని స్థితిలో నా దగ్గరికి చేరతాడు.

అప్పటికీ చాలా పళ్లను కాపాడవచ్చు. రూట్ కెనాల్ అంటే పన్నును ఉన్నచోటే ఉంచి, పాడైన గుజ్జును సన్నటి ఫైళ్లతో తీసేసి, వేళ్లలోని కాలువలను మందునీళ్లతో కడిగి, గట్టా పెర్చా అనే రబ్బరులాంటి పదార్థంతో మూయడం. ముందు పళ్లకు మామూలుగా ఒక్క కాలువ, కింది దవడ పంటికి మూడు, పై దవడ పంటికి మూడో నాలుగో. దవడ పంటికి సమయమూ డబ్బూ ఎక్కువ పట్టేది అందుకే. ఆపైన క్యాప్ వేయాలి, లేకపోతే పుచ్చుపోయి డొల్లబారిన పన్ను ఏ బఠాణీ గింజకో విరుగుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. కోరుట్ల, మెట్‌పల్లి వైపు ఇంటింటా బీడీలు చుట్టే ఆడవాళ్లుంటారు. వెయ్యి బీడీలు చుడితే వచ్చేది మూడు వందలకు అటూఇటూ, నెలలో అన్ని రోజులూ పని ఇవ్వరు. ఆమె ముందున్న ధరలు ఇవి: పీకితే ఐదు వందలు, ఒక్క పూటలో అయిపోతుంది. ఉంచాలంటే రూట్ కెనాల్‌కు మూడున్నర వేలు, క్యాప్‌కు ఇంకో మూడు వేలు, రెండు మూడుసార్లు రావాలి. వచ్చిన ప్రతిసారీ ఆ రోజు బీడీ పోతుంది, తోడొచ్చినవాళ్ల కూలి పోతుంది. "మూడుసార్లు ఎవలు రానిస్తరు మేడం? ఒక్కసారే పీకెయ్" అని ఆమె అంటే, అందులో అజ్ఞానం ఎక్కడుంది? నాకంటే బాగా లెక్క వేసుకుంది.

నేను గమనించిన ఒక సంగతి చెప్పాలి. 2023 డిసెంబరులో తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం చేశాక, రెండోసారి, మూడోసారి రమ్మన్న రోజుకు తిరిగొచ్చే ఆడవాళ్లు మా దగ్గర పెరిగారు. మొదటి పూట నొప్పి తగ్గగానే మాయమైపోయేవాళ్లు ఇప్పుడు రెండో పూటకూ కనిపిస్తున్నారు. పంటి వైద్యానికీ బస్సు టికెట్టుకూ సంబంధం ఉంటుందని నేను చదివిన ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు. అవగాహన సదస్సులు చేయలేని పని ఒక్క టికెట్టు చేసింది.

డబ్బు ఇంకో రకంగా కూడా దెబ్బతీస్తుంది. అప్పో సప్పో చేసి రూట్ కెనాల్ చేయించుకున్నవాళ్లు క్యాప్ దగ్గరికొచ్చేసరికి ఆగిపోతారు. "నొప్పి లేదు గద మేడం, పత్తి పైసలు వచ్చినంక ఏపిచ్చుకుంట" అంటారు. పత్తి పైసలు వస్తాయి, ఎరువుల దుకాణం బాకీకి పోతాయి. ఆర్నెల్లకో ఏడాదికో ఆ పన్ను నిలువునా చీలుతుంది. ఇక పీకక తప్పదు. ఆ మనిషి పెట్టిన మూడున్నర వేలూ పోయాయి. తర్వాత ఆ వాడకట్టు మొత్తానికి ఒక్కటే పాఠం అందుతుంది: "ఆమె గన్ని పైసలు పెట్టి చేపిచ్చుకున్నా ఇరిగింది, ముందే పీకిచ్చుకుంటే పోవు." చీలిన ఒక్క పన్ను చుట్టుపక్కల ఇరవై ఇళ్లలో బతకాల్సిన పళ్లను పీకిస్తుంది. అందుకే రూట్ కెనాల్ ధర, క్యాప్ ధర విడివిడిగా చెప్పే పద్ధతి నేను మానేశాను. రెండూ కలిపి ఒకే మొత్తం చెబుతాను, వాయిదాల్లో తీసుకుంటాను. క్యాప్ వేయించుకునే వీలు అసలే లేదనుకుంటే ఆ మాట మొదటి రోజే మాట్లాడుకుంటాం.

మా జిల్లాలో గల్ఫ్ వీసా కూడా పళ్లను పీకిస్తుంది. దుబాయికో, మస్కట్‌కో టికెట్టు ఖాయమైన కుర్రాడు నాలుగు రోజుల ముందు వస్తాడు. దవడ పన్నులో పెద్ద గుంత. ఓపిగ్గా చేస్తే నిలిచే పన్ను. "అక్కడ నొప్పొస్తే సూపెట్టుకునే దిక్కుండదు మేడం, ఎవలనడగాలె? తీసేయుండ్రి" అంటాడు. పాతికేళ్లు నిండని నోట్లోంచి మంచి వేళ్లున్న దవడ పన్ను తీసిన ప్రతిసారీ నా చెయ్యి బరువెక్కుతుంది. కానీ అతని భయం నిజమైనది. లేబర్ క్యాంపులో రాత్రిపూట దవడ వాస్తే అతని పక్కన ఎవరుంటారు?

అమెరికాలో ఉండే మనవాళ్లు డిసెంబరు సెలవుల్లో వస్తారు, మూడు వారాలు ఉంటారు. అక్కడి పళ్ల బీమా సాధారణంగా ఏడాదికి వెయ్యి, రెండు వేల డాలర్ల దగ్గర ఆగిపోతుంది, మిగతాది చేతినుంచి పెట్టుకోవాలి. అందుకని రూట్ కెనాల్, క్యాప్‌లు, అన్నీ ఇక్కడే చేయించుకుని పోతారు. ఒక్క పన్ను కూడా వదులుకోరు. ఆ కుర్రాడికీ వీళ్లకూ పన్ను మీద ప్రేమలో తేడా లేదు. మూడు వారాల తీరిక, చేతిలో కార్డు, ఇవే తేడా.

పన్ను నోట్లో ఎక్కడుందన్నది కూడా దాని బతుకును తేలుస్తుంది. పెళ్లీడు ఆడపిల్లకు ముందు పన్ను నల్లబడితే తల్లి బేరమాడదు. ఎన్నిసార్లయినా వస్తుంది, రంగు కలిసే ఖరీదైన క్యాప్ కావాలంటుంది. అదే పిల్లకు వెనక దవడ పన్ను పుచ్చితే, "లోపటి పన్నే గద, ఎవలకు కనవడ్తది" అంటుంది. నమిలే పని చేసేది ఆ లోపలి పన్నే. ముందు పళ్లు కొరుకుతాయి, అన్నాన్ని అరిగేలా నలిపేవి దవడ పళ్లు. పెళ్లిచూపుల్లో కనిపించే పంటికి ఉన్న విలువ యాభై ఏళ్లు తిండి నమిలిపెట్టే పంటికి లేకపోవడం చూస్తే నాకు కష్టంగా ఉంటుంది.

ఆడవాళ్ల సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. కాపాడవచ్చని చెప్పాక "మా ఆయనను అడిగి వస్త" అనే ఆడవాళ్లు నా దగ్గర ఎందరో. వాళ్లలో చాలామంది మళ్లీ రారు, వస్తే పీకించుకోవడానికే వస్తారు. "నా భార్యను అడిగి వస్త" అన్న మగవాడిని నేను చూడలేదు. బీడీలు చుట్టి ఇల్లు నడిపే మనిషికి తన నోట్లోని పంటి మీద ఆరున్నర వేలు ఖర్చుపెట్టే అధికారం లేదు. ఇక ముసలితల్లుల మాట చెప్పనక్కర్లేదు. "ఇంకెన్నేండ్లు బతుకుత బిడ్డా, పీకెయ్" అంటుంది అవ్వ. పక్కన నిలబడ్డ కొడుకు కాదనడు. అరవై ఐదేళ్ల మనిషి ఇంకో పదిహేనేళ్లు బతకవచ్చు. ఆ పదిహేనేళ్లూ పప్పునీళ్లలో నానబెట్టిన అన్నమే తినాలా? షుగరున్న అవ్వకు మెత్తటి అన్నం, జావ మాత్రమే దిక్కైతే ఒంట్లో చక్కెర ఎలా అదుపులో ఉంటుంది? అలాంటి చోట నేను కొడుకుతో విడిగా మాట్లాడతాను. "అన్నా, ఖర్చు సంగతి తర్వాత చూద్దాం. అవ్వను రొట్టె తిననిద్దామా వద్దా, అది చెప్పు" అని అడుగుతాను. కొందరు తలదించుకుని, "ఉంచుండ్రి మేడం" అంటారు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది ఆరేళ్ల పన్ను. పిల్లలకు ఆరేళ్ల వయసులో, పాలపళ్ల వరస చివర, ఏ పాలపన్నూ ఊడకుండానే కొత్తగా ఒక దవడ పన్ను మొలుస్తుంది. పైన రెండు, కింద రెండు. ఇవి శాశ్వత దంతాలు, ఊడితే మళ్లీ రావు. కానీ ఊడిన పాలపన్ను చోట వచ్చింది కాదు గనక, ఇదీ పాలపన్నేనని తల్లిదండ్రులు అనుకుంటారు. లోతైన గాళ్లున్న పన్ను, సరిగ్గా తోమడం రాని వయసు, ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్లు, చాక్లెట్లు. మూడు నాలుగేళ్లలో పుచ్చుతుంది. పది, పదకొండేళ్ల పిల్లను తీసుకొచ్చి, "పాలపన్నే మేడం, పీకితే కొత్తది వస్తది" అంటారు. రాదమ్మా అని చెప్పినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి. ఆ తల్లికి ఆరేళ్ల పన్ను గురించి ఎవరు చెప్పారు? బడిలో చెప్పలేదు, అంగన్‌వాడీలో చెప్పలేదు. టీకా కార్డు మీద ఏ నెలలో ఏ సూది వేయించాలో రాసి ఉంటుంది. ఆరో ఏట వచ్చే పన్ను జాగ్రత్త అని ఒక్క వాక్యం కూడా రాస్తే ఎన్ని పళ్లు మిగిలేవో.

నమ్మకాల గురించి ఎక్కువ చెప్పను, అవి మనం అనుకున్నంత బలమైనవి కావు. పై పన్ను పీకితే కండ్లు మసకబడతాయని ఇప్పటికీ అంటారు. ముఖానికీ పళ్లకూ స్పర్శ తెలిపే నరం వేరు, చూపునిచ్చే నరం వేరు. పన్ను తీస్తే చూపు పోదు. ఈ భయం వల్ల ఒక్కోసారి తప్పకుండా తీయాల్సిన పన్ను నోట్లో ఉండిపోతుంది. అది ప్రమాదం. ముఖ్యంగా కింది దవడ పన్ను చీము గొంతు కిందికి దిగి, మింగడం, ఊపిరి తీయడం కష్టమైతే అది ప్రాణం మీదికి వచ్చే స్థితి, గంటల్లో పెద్ద దవాఖానకు పోవాలి. అలాగని అన్నీ ఉంచాల్సిన పళ్లేనని నేను అనడం లేదు. వేరుదాకా చీలిన పన్ను, చుట్టూ ఎముక కరిగి గలగల కదిలే పన్ను, చిగురు లోపలికి విరిగి పట్టు దొరకని పన్ను, అడ్డం తిరిగి పక్క పన్నును తొలిచే జ్ఞానదంతం, ఇలాంటివి తీయడమే మంచిది. అలాంటప్పుడు ఉంచుదామని ఆశపెట్టి డబ్బు తీసుకోవడం తప్పు.

ఇది రాశాక మా వృత్తి గురించి మాట్లాడకపోతే న్యాయం కాదు. "రూట్ కెనాల్ అంటే పైసలు గుంజుడు" అని జనం అనుకోవడానికి కొంత కారణం మాలోనే ఉంది. ఎక్స్‌రే చూపించకుండా, ఏ పన్ను, ఎందుకు అని వివరించకుండా, ముందు డబ్బు కట్టమనేవాళ్లున్నారు. సిమెంటుతో సరిపోయే పుచ్చుకు రూట్ కెనాల్ చేసేవాళ్లున్నారు. నిలబెట్టగలిగిన పన్నును తీసి, పాతిక ముప్పై వేలు పెట్టి ఇంప్లాంట్ వేయించుకోమనేవాళ్లూ తయారయ్యారు. నమ్మకం ఒకసారి పోతే రోగి అందరికంటే చవకైనదాన్నే ఎంచుకుంటాడు. ఎవరైనా అదే చేస్తారు.

అడిగే తీరు కూడా జవాబును మారుస్తుంది. రెండు రాత్రులు నిద్రలేక, కళ్లెర్రబడి వచ్చిన మనిషిని "పీకమంటారా, ఉంచమంటారా?" అని అడిగితే పీకమనే అంటాడు. ఆ క్షణంలో అతనికి కావాల్సింది నొప్పి పోవడం. అతనికి తెలిసినంతలో నొప్పి పోవాలంటే పన్ను పోవాలి. అందుకే నేను ఆ పూట ఆ ప్రశ్న అడగను. మత్తు సూది ఇచ్చి, పన్ను పైభాగం తెరిచి, లోపలి ఒత్తిడి తగ్గించి, మందు పెట్టి పంపిస్తాను. రెండు రోజులాగి, కడుపునిండా తిని కంటినిండా నిద్రపోయాక రమ్మంటాను. అప్పుడు ఎక్స్‌రే చేతికిచ్చి, పుచ్చు ఎక్కడిదాకా దిగిందో చూపించి, ఖర్చు చెప్పి అడుగుతాను. అలా తిరిగొచ్చినవాళ్లలో చాలామంది ఉంచమంటారు. కొందరు అప్పటికీ పీకమంటారు, నేను పీకుతాను. అది వాళ్లు ఆలోచించి తీసుకున్న నిర్ణయం.

పీకితే ఖర్చు తప్పిందనుకోవడం మాత్రం నిజం కాదు. గోడలోంచి ఒక ఇటుక లాగితే చుట్టూ ఉన్నవి సడలినట్టు, ఖాళీ అయిన చోటికి పక్క పన్ను ఒరుగుతుంది, పై పన్ను కిందికి జారుతుంది. ఒరిగిన సందుల్లో తిండి ఇరుక్కుని అవీ పుచ్చుతాయి. పన్ను లేని చోట దవడ ఎముక మొదటి ఏడాదిలోనే బాగా సన్నబడుతుంది. ఆ తర్వాత పన్ను పెట్టించుకోవాలంటే ఇంప్లాంట్, లేదా అటూఇటూ ఉన్న మంచి పళ్లను అరగదీసి వేసే బ్రిడ్జి, లేదా తీసిపెట్టుకునే కట్టుడు పన్ను. మొదటి రెండూ రూట్ కెనాల్ కంటే చాలా ఎక్కువ ఖర్చు. మూడోదానితో జొన్నరొట్టె నమిలినవాళ్లను అడిగి చూడండి.

ఇక సర్కారు సంగతి. దంతవైద్యుడున్న ప్రభుత్వ ఆసుపత్రిలో పన్ను పీకడం ఉచితం. పటకార్లు ఉంటాయి, మత్తు ఇంజెక్షన్లు ఉంటాయి. నేను పనిచేసిన రోజుల్లో రూట్ కెనాల్ ఫైళ్లు, గట్టా పెర్చా, చిన్న ఎక్స్‌రే యంత్రం, ఇవే ఉండేవి కావు. ఉన్నా, బయట అంతమంది వరసలో నిలబడి ఉంటే ఒక్క పంటికి గంట ఇవ్వడం కుదిరేది కాదు. డాక్టరు ఎందరిని చూశాడన్నదే లెక్క గానీ, ఎన్ని పళ్లు నిలబెట్టాడన్నది ఎవరూ అడగరు. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత కళాశాల ఆసుపత్రిలో తక్కువ ఖర్చుతో చేస్తారు. కానీ జగిత్యాల నుంచి అది దాదాపు 200 కిలోమీటర్లు. ఒక పంటి కోసం అంతదూరం మూడుసార్లు ఎవరు పోగలరు? 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ గుండె ఆపరేషన్లకు పేదలకు పెద్ద దన్నుగా నిలిచింది. ఆ కార్డే పట్టుకుని పంటి నొప్పితో మా క్లినిక్‌కు వచ్చేవాళ్లకు ఇక్కడ అది చెల్లదని చెప్పాల్సి వస్తోంది. ప్రైవేటు ఆరోగ్య బీమాలు కూడా మామూలుగా ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్ప పళ్ల ఖర్చు ఇవ్వవు. ఇన్ని తలుపులు మూసి, ఒక్క పీకే తలుపు మాత్రం తెరిచిపెట్టి, జనం ఆ తలుపులోంచే వస్తున్నారని మనం ఆశ్చర్యపోతున్నాం.

మన జనం తీరే ఇంత అనుకునేవాళ్లకు ఒక ఉదాహరణ. బ్రిటన్‌లో ఒకప్పుడు పెళ్లికి ముందే ఆడపిల్లల పళ్లన్నీ పీకించి కట్టుడు పళ్లు పెట్టించేవాళ్లు, భర్తకు ముందుముందు ఖర్చు ఉండకూడదని. 1968లో ఇంగ్లండ్, వేల్స్‌లలో పెద్దవాళ్లలో 37 శాతం మందికి నోట్లో ఒక్క సహజ దంతం లేదు. 2009 నాటికి అది 6 శాతానికి దిగింది. ఈ మధ్యలో వాళ్ల స్వభావం మారలేదు. ఫ్లోరైడ్ టూత్‌పేస్టు ఇంటింటికీ చేరింది, పన్ను నింపే వైద్యం మామూలు మనిషికి అందే దూరంలోకి వచ్చింది, నొప్పి లేకుండానే డాక్టరు దగ్గరికి పోవడం అలవాటైంది.

మన దగ్గర మొదలుపెట్టడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. కరెంటు లేకుండా, డ్రిల్లు లేకుండా, చేతి పరికరాలతోనే పుచ్చు తీసి గ్లాస్ అయనోమర్ సిమెంటు నింపే పద్ధతిని 1980లలోనే టాంజానియాలో రూపొందించారు. ఆ సిమెంటును, ఫ్లోరైడ్ టూత్‌పేస్టును, పుచ్చును ఆపే సిల్వర్ డయామిన్ ఫ్లోరైడ్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మన బడులకు 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు వెళ్తున్నాయి, పిల్లల పళ్లు కూడా చూస్తున్నాయి. పుచ్చును కాగితం మీద రాసుకుని పెద్ద దవాఖానకు పొమ్మని చెప్పడంతో ఆగకూడదు. ఆ బృందంతో ఒక దంతవైద్యుడు, ఒక సంచి సిమెంటు వెళ్తే ఒకటి, రెండు తరగతుల పిల్లల ఆరేళ్ల పళ్లను అక్కడికక్కడే కాపాడవచ్చు. ఉద్యోగం కోసం చూస్తున్న బీడీఎస్ చదివిన పిల్లలు ప్రతి జిల్లాలో ఉన్నారు.

పెద్దవాళ్లకు ఏరియా ఆసుపత్రుల్లోనే రూట్ కెనాల్ చేయాలి, క్యాప్‌తో సహా. వీలైన పళ్లకు ఒకే పూటలో పూర్తిచేయాలి. బీడీ కార్ఖానా సెలవు రోజున, అంగడి రోజున, సాయంత్రాలు చేయాలి. వారానికి ఒక్క రోజు ఇందుకు కేటాయించినా మార్పు కనిపిస్తుంది.

చదివేవాళ్లకు ఒక మాట. చల్లనీళ్లకు పన్ను జివ్వుమంటే ఆ వారంలోనే వెళ్లండి, అప్పటికి అది వందల్లో అయ్యే పని. డాక్టరు పీకాలన్నా, రూట్ కెనాల్ అన్నా, ఎక్స్‌రే చూపించమని, క్యాప్‌తో కలిపి మొత్తం ఎంతో చెప్పమని అడగండి. అనుమానముంటే ఇంకో డాక్టరుకు చూపించండి. మీ ఇంట్లో ఆరేడేళ్ల పిల్లలుంటే ఈ రాత్రి నోరు తెరిపించి, వరస చివరి పన్ను చూడండి. అమ్మకో అత్తకో పన్ను నొప్పి వస్తే, ఆమె వయసు చూసి మీరు తీర్పు చెప్పకండి.

ప్రభుత్వానికి నా విన్నపం ఒక్కటే. పన్ను పీకే పటకారు ఉన్న ప్రతి సర్కారు దవాఖానలో పన్ను నిలబెట్టే సామాను కూడా ఉంచండి, దాన్ని వాడే సమయం డాక్టరుకు ఇవ్వండి.